దుప్పటిలో రెండో సగం

మూడో అలమరలో, వాడని తెరల వెనక నాలుగు దిండ్లు దొరికాయి. ఆమె ఒక్కొక్కదాన్నీ బయటికి లాగి, బల్ల మీద పెట్టి, నడిమధ్యన పిడికిలితో ఒక గుద్దు గుద్ది చూసింది. గుద్దిన గుంట వెంటనే పైకి లేస్తే ఆ దిండు మెడకి. నెమ్మదిగా లేస్తే మోకాళ్ల కిందకి. ఎంతసేపు చూసినా లేవకపోతే మడమలకి. పనికిరాని దిండంటూ ఆమె లెక్కలో లేదు. నాలుగోదానికి ఒక పక్క కుట్టు విడిపోయి దూది తొంగిచూస్తోంది. కోటు జేబులోంచి పిన్నీసు తీసి దాని నోరు మూసేసి, చంకకి రెండేసి ఇరికించుకుని వార్డు వైపు నడిచింది.

పొట్టి మనిషి. ఎదురొచ్చేవాళ్లకి దిండ్ల మధ్య తల మాత్రమే కనిపిస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆయాగా ఆసుపత్రి గచ్చు మీద తిరిగిన పాదాలు ఇప్పుడు బయటి అంచుల మీదే ఆనుతాయి. అందుకే ఆమె రబ్బరు చెప్పులు రెండూ బయటివైపే అరిగి, విప్పి పక్కపక్కన పెడితే ఒకదానితో ఒకటి అలిగినట్టుంటాయి.

ఆసుపత్రి లెక్క ప్రకారం మంచానికి ఒక్క దిండు. ఆ లెక్క రాసిన మహానుభావుడికి జన్మలో ఒంట్లో బాగోలేకపోయి ఉండదని ఆమె నమ్మకం. అందుకే ఖాళీ అయిన మంచం మీది దిండు లాండ్రీ బండి ఎక్కేలోపే మాయమయ్యేది. సామాన్ల గదిలో, మెట్ల కింద, పాత ఎక్స్‌రే పెట్టెల వెనక ఎక్కడెక్కడ ఎన్ని ఉన్నాయో ఆమెకొక్కదానికే తెలుసు. వార్డులో అందరూ దిండ్లమ్మ అంటారు. హాజరు పుస్తకంలో వేరే పేరుంది. పై ఆఫీసులో ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే పక్కవాళ్లు ఆమెని మోచేత్తో పొడవాలి.

ఆ రోజు సాయంత్రం ఆరింటికి ఆమె ఉద్యోగం అయిపోతుంది. హెడ్ సిస్టరు నాలుగు రోజుల ముందే టీ, బిస్కెట్లు అని మొదలుపెట్టింది. వద్దంటే వద్దంది. "నన్ను కుర్చీలో కూచోబెట్టి మీరంతా పొగుడుతుంటే, అవతల బెడ్‌పాన్ కావాలన్నవాళ్లు నన్ను తిడుతుంటారు. రెండూ ఒకేసారి వినలేనమ్మా" అంది.

దిండ్లతో వచ్చేసరికి సిస్టరు పదకొండో మంచం దగ్గర చార్టు పట్టుకుని నిలబడి ఉంది. మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"మళ్లీ తిరిగాడా?"

"మూడుసార్లు. ఎడమ దవడ మీదకే. తెల్లారేసరికి దిండంతా రక్తం మరక." సిస్టరు గొంతు తగ్గించింది. "డాక్టరమ్మ చెప్పేసింది. ప్లేటు కదిలితే మళ్లీ కొయ్యాల్సి వస్తుందట. ఈ రాత్రికి చేతులు రెండూ మంచానికి కట్టెయ్యమంది."

పదకొండో మంచం ఆయన తాళాలు బాగుచేస్తాడు. అరవై దాటాయి. ఎడమవైపు కింది దవడ ఎముకలో తిత్తిలాంటిది పెరిగి లోపల్లోపలే తినేస్తే, దాన్ని తీసి, స్టీలు ప్లేటు వేసి, పై పళ్లకీ కింది పళ్లకీ కలిపి తీగ చుట్టారు. ఆరు వారాలు నోరు తెరవకూడదు. వాంతి వస్తే తీగ తెంచడానికి మంచం తలాపున చిన్న కట్టర్ ఒకటి దారంతో వేలాడుతోంది. తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. అదొక్కటే ఆయన వల్ల కావడం లేదు. మెలకువగా ఉన్నంతసేపు బొమ్మలా కదలకుండా ఉంటాడు. కన్ను మూతపడిందా, పావుగంటలో ఎడమపక్కకి దొర్లి, కుట్లున్న దవడ మీద పడి, పళ్ల సందుల్లోంచి మూలుగుతూ లేస్తాడు. మూడు రాత్రులుగా ఇదే వరస. కళ్ల కింద సంచులు వేలాడుతున్నాయి. వాచిన చెంప నున్నగా మెరుస్తోంది.

ఆమెని చూడగానే పక్కనున్న పలక తీసుకుని రాశాడు. మొదటిరోజు కూతురు కొనితెచ్చిన పిల్లల పలక అది.

'ఊరందరి తాళాలూ తీశా. నాది నాకు రావట్లేదు.'

"ఆ తాళం డాక్టరమ్మ తీస్తుందిలెండి. మీ పని పడుకోవడం. అది చూద్దాం ముందు" అంటూ ఆమె మంచం కాళ్ల దగ్గర వంగి పిడి తిప్పింది. తలవైపు కీచుమంటూ లేచింది. మెడకి రెండు వైపులా గట్టి దిండ్లు, కిందకి జారిపోకుండా మోకాళ్ల కింద మెత్తటిది, మడమలకి పిన్నీసుది. పెదాలు ఎండిపోయి పగిలాయి. చిటికెనవేలితో వాసెలిన్ రాసింది. గడ్డం కింద తడిసిన తువ్వాలు మార్చింది. ఆయన చేతులు దుప్పటి మీద బోర్లా ఉన్నాయి. వేళ్ల గీతల్లోకి ఇత్తడి పొడి, నూనె ఇంకిపోయిన నలుపు. ఆసుపత్రి సబ్బు ఎన్ని రోజులు తోమినా వదలని నలుపు.

ఆ చేతుల్ని కట్టెయ్యడం ఆమెకి ఊహకే అందలేదు. చాలా ఏళ్ల కిందట ఒక పెద్దాయన చేతులు రెండూ కలిపి మంచం పట్టీకి కట్టారు. తెల్లారి డ్యూటీకి వచ్చి ఆమె విప్పింది. విప్పిన తర్వాత కూడా చాలాసేపటి దాకా ఆ మణికట్లు ఒకదాని పక్కన ఒకటి ఆనించుకునే ఉన్నాడాయన, విడదీయచ్చని తెలియనట్టు. ఉద్యోగం అయిపోయే రోజున, తను దిగిపోయిన గంటకే ఇంకో మనిషిని కట్టారని తెలిస్తే రేపు ఇంట్లో కూచుని ఏం తింటుంది, ఏం తాగుతుంది. ఆరింటిలోపు ఈయన ఒక్కసారి దొర్లకుండా నిద్రపోతే చాలు. డాక్టరమ్మ కళ్లతో చూస్తుంది. చూస్తే వింటుంది, చెడ్డమనిషి కాదు.

"ఇంట్లో ఎలా పడుకుంటారన్నయ్యా మీరు?" అని అడిగింది. ఎవరు చేరినా ఆమె అడిగే మొదటి మాట అదే. ఈ పని ఆమెకి ఆసుపత్రి నేర్పలేదు. పెళ్లయిన కొత్తలో అత్తగారు మూడేళ్లు మంచం పట్టింది. మందులకి లొంగని ఆ ముసలమ్మ కోడలు పెట్టిన దిండుకి లొంగేది. మనిషి ఒక్కసారిగా నిద్రపోడని ఆమె అప్పుడే కనిపెట్టింది. ఒక్కో అవయవానికీ ఒక్కో రాత్రి అలవాటు ఉంటుంది. చెంప కింద చెయ్యి పెట్టుకునేవాళ్లకి ఆ చేతికేదైనా ఇవ్వాలి. గోడకి వీపు ఆనించేవాళ్లకి గోడ చూపించాలి. కాలి మీద కాలు వేసుకునేవాళ్లకి కట్టు కట్టిన కాలు పక్కన ఇంకో కాలులాంటిది పెట్టాలి. ఆ ఒక్కటీ కుదిరితే మిగతా ఒళ్లంతా దాని వెనకే నిద్రలోకి నడుస్తుంది.

ఆమె మొగుడైతే మరీనూ. బస్సు డిపోలో టైర్లు మార్చి మార్చి, నిద్రలో తన కాళ్లూ చేతులూ కూడా విప్పి నాలుగు మూలలా పడేస్తాడు. మిగిలిన జానెడు జాగాలో ఆమె ముప్ఫై ఎనిమిదేళ్లుగా కత్తిలా పక్కకి తిరిగి పడుకుంటోంది. అతను చుట్టాలింటికి వెళ్లిన రోజున మంచమంతా ఖాళీగా ఉన్నా ఆ జానెడులోనే నిద్రపడుతుంది.

తాళాలాయన పలక తుడిచి రాశాడు. 'తెలీదు. నిద్రపోతూ చూసుకోలేదు.'

"అదీ నిజమే" అని నవ్వింది.

చూసుకోకపోయినా పర్వాలేదు, తనకి తెలుసనుకుంది. ఎడమపక్కకి తిరుగుతున్నాడంటే ఎడమ చెంప కింద చెయ్యి పెట్టుకునే మనిషి. ఇలాంటివాళ్లని వందమందిని చూసింది. తువ్వాలు గట్టిగా చుట్టి ఆయన అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. ఇంకో రెండు దిండ్లు తెచ్చి ఎడమవైపు నిలబెట్టి గోడ కట్టింది. పదింటికి నాలుగో మంచం ఆయనకి స్నానం చేయించి వచ్చేసరికి తాళాలాయన కళ్లు మూతలు పడుతున్నాయి. పెదవి మీద వేలు పెట్టుకుని సిస్టరుకి సైగ చేసింది.

పది నిమిషాలు కాలేదు. తువ్వాలు నేల మీద పడింది. దిండ్ల గోడ కూలింది. పళ్ల వెనక నుంచి వచ్చిన మూలుగు వార్డు చివరి దాకా వినిపించింది. ఆమె పరిగెత్తుకొచ్చేసరికి ఆయన దవడ పట్టుకుని కూచున్నాడు. నోటి మూల నుంచి సన్నటి ఎర్రటి చార.

తుడుస్తుంటే ఆయన పలక కోసం తడుముకున్నాడు. 'క్షమించండి' అని రాశాడు.

"మీరెందుకు? తప్పు లెక్కేసింది నేను" అంది ఆమె. ముప్ఫై ఒక్క ఏళ్ల తర్వాత, ఆఖరి రోజున, వందమందిని చూశానని మురిసి నూటొకటో మనిషిని చూడలేదు. కూలిన దిండ్లు ఏరుకుంటుంటే చెవులు వేడెక్కాయి.

మధ్యాహ్నం కూతురు వచ్చింది. ఫోటోస్టూడియోలో పనిచేస్తుంది. భోజనం గంటలో ఫ్లాస్కుతో పండ్లరసం తెచ్చి, సిరంజితో తండ్రి చెంప లోపలికి కొద్దికొద్దిగా పోస్తుంది. అది అయ్యాక దిండ్లమ్మ ఆ అమ్మాయిని వరండాలోకి పిలిచింది.

"మీ నాన్న ఇంట్లో ఎలా పడుకుంటారమ్మా?"

అమ్మాయి తెల్లబోయింది. "తెలీదు ఆయమ్మా. వాళ్ల గది తలుపు వేసుండేది. నేను లేచేసరికి నాన్న షాపుకి వెళ్లిపోయేవాడు. నాన్న పడుకునుండగా నేను చూసింది ఇక్కడే."

"మరి మీ అమ్మగారు..."

"అమ్మ పోయి రెండేళ్లు."

మనం ఎలా నిద్రపోతామో మనకి తెలియదు. అది ఇంకొకరి దగ్గర దాచిపెట్టి ఉంటుంది. ఆ ఒక్కరూ వెళ్లిపోతే, ఆ సంగతి తెలిసినవాళ్లు భూమ్మీద ఎవరూ ఉండరు.

రెండున్నరకి వార్డు సద్దుమణిగింది. ఆమె ఇనుప స్టూలు తెచ్చి పదకొండో మంచం పక్కన వేసుకుని కూచుంది. డ్యూటీలో ఆమె కూచోగా చూసినవాళ్లు లేరు. సిస్టరు దూరం నుంచి చూసి, ఒంట్లో బాగోలేదేమో అనుకుని లేవబోయి, ఆమె మొహం చూసి మళ్లీ కూచుంది. అమ్మాయి స్టూడియోకి ఫోను చేసి ఆలస్యంగా వస్తానని చెప్పి వరండాలో ఆగింది.

ఈసారి దిండ్లమ్మ ఏమీ కట్టలేదు, ఏమీ చేతికివ్వలేదు. ఊరికే చూస్తూ కూచుంది. తాళాలాయన కళ్లు మూతపడ్డాయి. శ్వాస ముక్కులో సన్నగా ఈల వేస్తోంది. అలా ఎంతసేపో. అప్పుడు కుడిచెయ్యి లేచింది. మనిషి లేవలేదు, చెయ్యి మాత్రమే. వేళ్లు గుండె మీద పాకి దుప్పటి అంచు వెతుక్కున్నాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, తాళంచెవి పట్టుకున్నట్టు, ఆ అంచుని పట్టుకున్నాయి. పట్టుకుని ఎత్తి, ఎడమవైపుకి తీసుకెళుతున్నాయి. చెయ్యి వెనక భుజం, భుజం వెనక మెడ.

ఆమె రెండు అరచేతులూ ఆయన భుజానికి అడ్డం పెట్టింది. దవడ దిండుకి బెత్తెడు దూరంలో ఆగింది. ఆయనకి ఇంకా మెలకువ రాలేదు. చెయ్యి తన పని తాను పూర్తి చేసింది. దుప్పటి అంచుని ఖాళీ పరుపు మీద పరిచింది. పరిచి, రెండుసార్లు మెల్లగా తట్టింది.

దిండ్లమ్మ ఆయన్ని నెమ్మదిగా వెల్లకిలా తిప్పి, లేచి వరండాలోకి వెళ్లింది.

"మీ అమ్మగారు మంచంలో ఏ పక్కన పడుకునేవారమ్మా?"

"గోడ పక్కన. అంటే... నాన్నకి ఎడమవైపు."

"ఆవిడ మీద దుప్పటి నిలిచేదా?"

అమ్మాయికి నవ్వొచ్చింది. "నిలవడమా? అమ్మ నిద్రలో సైకిలు తొక్కేది ఆయమ్మా. దుప్పటి తన్నేసేది, తెల్లారికి దగ్గు. అమ్మే చెప్పేది, మీ నాన్న రాత్రి పదిసార్లు లేచి కప్పుతాడే, పొద్దున్న అడిగితే నేనెప్పుడు లేచానంటాడు అని..." అంటూ అంటూ ఆగిపోయింది. లోపలికి, మంచం వైపు చూసింది. అమ్మాయి ముక్కు తుడుచుకుంది. దిండ్లమ్మ జేబులో పిన్నీసులు సర్దుకుంది.

వాళ్లు లోపలికి వచ్చేసరికి ఆయన మేలుకుని ఉన్నాడు. ఆయనకి చెప్పకుండా చెయ్యడం ఆమెకి నచ్చలేదు. స్టూలు దగ్గరికి జరుపుకుని చెప్పింది.

"అన్నయ్యా, మీరు దొర్లడం లేదు. ఎడమపక్కన దుప్పటి కప్పుతున్నారు. అందుకని ఆ పక్కన ఒక కంబళి చుట్టి పెడతాను. దాని మీద ముందే కప్పి ఉంచుతాను. మీకిష్టమైతేనే."

ఆయన ఆమె వైపు చాలాసేపు చూశాడు. తర్వాత కూతురి వైపు. అమ్మాయి తలూపింది. కదలని దవడ పైన కళ్లు ఒక్కటే కదిలాయి. పలక అందుకుని, రాసింది తుడిచి, మళ్లీ రాశాడు.

'భుజాల దాకా కప్పండి. అంచు వీపు కిందకి దోపండి. లేకపోతే తన్నేస్తుంది.'

కంబళ్లు ఎక్కడున్నాయో ఆమెకి తెలుసు. రెండు తెచ్చి, మంచం మీద కాళ్లవైపు పరిచి చుట్టసాగింది. అమ్మాయి పక్కన నిలబడి "ఇంకొంచెం లావు" అంది. ఇంకొకటి కలిపింది. "ఇంకాస్త" అంది అమ్మాయి.

తాళాలాయన పలక చివరతో మంచం పట్టీ మీద టక్కుటక్కుమని కొట్టాడు. 'మీ అమ్మ వినుంటే నీ పని అయ్యేది' అని ఉంది దాని మీద. మూడో కంబళి తీసేశారు.

ఎడమవైపు జానెడు దూరంలో చుట్టిన కంబళిని పడుకోబెట్టి, ఆయన మీదున్న దుప్పటినే దాని మీదకీ లాగి, భుజం ఉండాల్సిన చోటు దాకా కప్పి, అంచుని వెనక్కి దోపింది. ఆయన ఎడమ అరచేతిని తెచ్చి దాని మీద ఆనించింది. ఆయన ఒకసారి ఆ అంచుని వేళ్లతో తడిమి చూసుకున్నాడు. దోపు సరిపోలేదనుకుంటా, బొటనవేలితో ఇంకాస్త లోపలికి నెట్టాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు.

మూడున్నరకి శ్వాస ఈల అందుకుంది. నాలుగు కావస్తుంటే కుడిచెయ్యి గుండె మీద కదిలింది. దిండ్లమ్మ స్టూలు మీంచి లేచి రెండు చేతులూ సిద్ధంగా చాపింది. అంతలో ఎడమచేతి వేళ్లు ముందుగా మేలుకున్నాయి. దుప్పటి అంచు దాకా వెళ్లి, అది ఉండాల్సిన చోటే ఉందని చూసుకుని, అక్కడే ఆగాయి. కుడిచెయ్యి రెండంగుళాలు లేచి, చెయ్యాల్సిన పని లేదని తెలిసినట్టు, మళ్లీ గుండె మీద వాలింది. ఆయన దొర్లలేదు. ఆమె చాపిన చేతులు దించుకుంది.

ఐదింటికి డాక్టరమ్మ రౌండుకి వచ్చింది. చిన్న వయసు, పెద్ద అంగలు. పదకొండో మంచం దగ్గర ఆ అంగలు ఆగాయి. కుట్లు చూసింది, దిండు చూసింది, ఎక్కడా మరక లేదు. సిస్టరు నెమ్మదిగా, "గంటన్నర నుంచి ఇంతే డాక్టర్. కదల్లేదు" అంది.

"పక్కన అదేంటి?"

"కంబళండి" అంది దిండ్లమ్మ.

"కంబళి కనిపిస్తోంది. ఎందుకు?"

ఒక్క మాటలో చెప్పడం ఆమెకి చేతకాలేదు. "అది అక్కడుంటే ఆయన లేవనక్కర్లేదండి" అంది.

డాక్టరమ్మ ఆమెనీ, కంబళినీ, దాని మీద ఆనిన నల్లటి వేళ్లనీ చూసింది. పెన్ను క్యాప్ తీసి, చేతులు కట్టమని రాసిన వరస కొట్టేసింది. దాని కింద 'ఎడమవైపు కంబళి తీయకూడదు' అని రాసి సంతకం చేసింది. "రేపు నాకు నేర్పాలి ఇది" అంది వెళుతూ. రేపు ఎవరుంటారని సిస్టరు అనబోతే దిండ్లమ్మ ఆవిడ చెయ్యి నొక్కి ఆపింది.

ఆరింటికి రాత్రి డ్యూటీ ఆయా వచ్చింది. జడ ముడి వేసుకుంటూనే వినే పిల్ల. దిండ్లమ్మ సామాన్ల గది, మెట్ల కింద, ఎక్స్‌రే పెట్టెల వెనక అన్నీ చూపించి, ఏది మెడది, ఏది మడమది చెప్పి, పదకొండో మంచం దగ్గరికి తీసుకొచ్చింది.

"ఇక్కడ కాస్త కనిపెట్టుకునుండు. దీని మీద దుప్పటి జారితే ఆయన చెయ్యి వెతుక్కునేలోపే నువ్వు కప్పాలి."

"కంబళికి దుప్పటి కప్పమంటావా పెద్దమ్మా?"

"అవునే. భుజాల దాకా."

ఆ పిల్ల నవ్వబోయి, నిద్రపోతున్న మనిషిని చూసి, గొంతు తగ్గించి "సరే" అంది.

దిండ్లమ్మ చేతులు కడుక్కుంది. నీలం కోటు విప్పి, జేబులోని పిన్నీసులు ఆ పిల్ల చేతిలో పోసి, కోటు మడిచి సిస్టరు బల్ల మీద పెట్టింది. సిస్టరు లేచి వచ్చి ఆమె చీర కుచ్చిళ్లు సర్దింది. తాళాలాయన్ని లేపి చెబుదామా అంది. "మూడు రాత్రుల తర్వాత పడుకున్నాడు. లేపితే ఊరుకోను" అంది దిండ్లమ్మ.

గేటు దగ్గర మొగుడు స్కూటరు మీద కూచుని ఉన్నాడు. "అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది. పద. రాత్రికి కాస్త జరిగి పడుకో."

"ఏం, కొత్తగా?"

"ఏం లేదు. నువ్వు పడుకున్నట్టే పడుకోలే" అని ఎక్కి కూచుంది.

వార్డులో దీపాలు వేశారు. పదకొండో మంచం మీద, ఆయన ఎడమపక్కన, చుట్టిన కంబళి భుజాల దాకా దుప్పటి కప్పుకుని ఉంది. వీపు కిందకి దోపిన అంచు ఎక్కడా జారలేదు.